కొబ్బరిపాల కోడి అన్నం... మన వడ్ల సంగతి

మొన్న ఆదివారం పెన్‌పహాడ్‌లో మా ఇంట ఫిలిప్పీన్స్ తరహా వంట చేశాను. అల్లం, వెల్లుల్లి, ఉల్లి వేయించి, కోడిముక్కలు మగ్గాక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల పల్చటి కొబ్బరిపాలు, ఉప్పు వేసి మూత పెట్టడమే. అంతా ఒకే గిన్నెలో!

"వాళ్లూ మనలాగే అన్నం తింటరా?" అంది అత్తమ్మ.

తినడమేమిటి, మన బియ్యమే కొన్నారు! 2025 మార్చి 31న కాకినాడ రేవు నుంచి తెలంగాణ 1010 రకం బియ్యం 12,500 టన్నులు అక్కడికి బయల్దేరాయి. అంతకు ముందురోజే మన హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం పథకం మొదలైంది, మనిషికి 6 కిలోలు. సన్నాలు మన కంచానికి, దొడ్డువి ఓడకి. లెక్క బాగానే కుదిరిందనుకున్నాం.

కానీ అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఫిలిప్పీన్స్ బియ్యం దిగుమతులు ఆపింది. కోతల వేళ తమ రైతుకి ధర పడిపోతోందట. తప్పుపట్టలేం, అక్కడి ఇల్లాలికీ మన బాధే కదా!

మరి ఒక్క దేశాన్ని నమ్ముకుని దొడ్డు రకం వేయొచ్చా? 2024 వానాకాలంలో క్వింటాలుకు 500 బోనసు సన్నాలకే ఇచ్చారు. నాట్లేసేదీ, కల్లంలో వడ్లు ఆరబోసేదీ మనమే. ఏ రకం వేయాలో తేల్చేటప్పుడు మాత్రం మనల్ని అడగరు. ఈసారి విత్తనాలు తెచ్చేముందే అడుగుదాం.