గృహవిజ్ఞానము: పగడపు తొట్టిలోని నీరు

పగడమనగానే మన స్త్రీలకు సూత్రములలో గ్రుచ్చుకొను ఎఱ్ఱని పూసయే స్ఫురించును. ఆ పూసనిచ్చు జీవికి దూరపు చుట్టములైన రాతిపగడములు వెచ్చని సముద్రములందు గుంపులుగా పెరిగి, సున్నపురాతి యిండ్లు కట్టుకొని, కాలక్రమమున గొప్ప దిబ్బలనే నిర్మించును. వాని రంగులకును, పూలరేకులవలె కదలాడు చేతులకును ముచ్చటపడి అమెరికా మొదలగు దేశములందు పలువురు గృహస్థులు వానిని గాజుతొట్లలో పెంచుచున్నారు. అచ్చట కాపురమున్న మన సోదరీమణులును ఈ వేడుకకు పూనుకొనవచ్చును గావున, ఈ మాసము ఆ తొట్టిలోని నీటినిగూర్చి ముచ్చటింపదలచితిమి.

మన దేశమందలి చదువరులకు ముందుగా నొక హెచ్చరిక. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రాతిపగడములు 2001 నుండి మొదటి పట్టికలో చేరియున్నవి. వానిని సముద్రమునుండి తీయుటయు, కొనుటయు, అమ్ముటయు నేరము. రామేశ్వరము పోయినప్పుడు ఒడ్డున దొరకిన ఎండిన ముక్కనైనను మూట గట్టుకొని రాదగదు. తొట్లయందే పెంచిన పిలకలు చట్టసమ్మతముగా దొరకు చోట్లనే ఈ వేడుక తగును. తక్కినవారు దీనిని తెలిసికొనుటకై చదువుదురుగాక.

సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల ఉప్పు కలదు. తొట్టిలోను అంతయే యుండవలయును. పొయ్యిమీద పులుసు ఇగిరినకొలది ఉప్పదనము హెచ్చుట మనమెఱిగినదే. తొట్టిలోను నీరు ఆవిరియై పోవును గాని ఉప్పు పోదు. కావున తరిగిన నీటికి బదులు మంచినీటినే పోయవలెను, ఉప్పునీటిని పోయరాదు. ఆ మంచినీరును కుళాయినీరు గాక, యంత్రముచే బాగుగ శుద్ధిచేసినదై యుండవలెను. రాగిచెంబులోని నీరు ఆరోగ్యమని మన పెద్దలు చెప్పుదురు గాని పగడములకు రాగి విషము. రాగి, యిత్తడి పాత్రలను ఆ నీటి దరికి రానీయకుడు.

ఇక ముఖ్యవిషయము. పగడము తన యిల్లు కట్టుకొనుటకు నీటినుండి రెండు సరకులను తీసికొనును. ఒకటి కాల్షియము, రెండవది కార్బనేటు. ఈ రెండవదాని నిలువను క్షారత యను కొలతచే తెలిసికొందురు. దీనిని జర్మను డిగ్రీలలో లెక్కింతురు. సముద్రములో కాల్షియము లీటరునకు సుమారు 420 మిల్లిగ్రాములు, క్షారత సుమారు 7 డిగ్రీలు. తొట్టిలో కాల్షియము 400 మొదలు 450 వఱకును, క్షారత 7 మొదలు 11 వఱకును ఉండవచ్చును. మెగ్నీషియము 1250 మొదలు 1350 మిల్లిగ్రాములుండిన, సున్నము నీటిలో వృథాగా గడ్డకట్టి అడుగున చేరకుండ కాపాడును.

ఈ సరకులలో ముందుగా అడుగంటునది ఏదియో తెలిసిన యిల్లాలికి తొట్టి నిలుచును. పగడములు లీటరునకు 20 మిల్లిగ్రాముల కాల్షియమును వాడుకొనునప్పటికి క్షారత 2.8 డిగ్రీలు తరుగును. 420 లో 20 పోయినను లోటు కానరాదు. 8 లో 2.8 పోయినచో మూడవవంతునకు పైగా పోయినట్లే. బియ్యపు బస్తా నిండుగనే యున్నదని నిశ్చింతగ కూర్చుండగా పప్పుడబ్బా ఖాళీయైనట్లుండును. కాల్షియము మాత్రమే పరీక్షించి, అంతయు సరిగానే యున్నదనుకొన్నవారి తొట్లలో పగడములు క్షీణించుటకు తఱచుగా ఇది కారణము. రాతిపగడములు బాగుగ పెరుగు తొట్టిలో క్షారతను ప్రతిదినము, లేదా దినము విడిచి దినము, ఒకే వేళకు పరీక్షింపవలెను. కాల్షియమునకు వారమున కొకమారు చాలును.

ఆ లోటు తీర్చు మార్గములలో నొకటి మన యింటి వస్తువే: సున్నపు తేట. జర్మను భాషలో దీనిని కాల్క్‌వాసర్ అందురు, అర్థము సున్నపు నీరే. ఇందు కాల్షియమును క్షారతయు పగడములు వాడుకొను పాళ్ళలోనే కూడియున్నవి. తాంబూలపు సున్నము దీనికి పనికిరాదు, పరిశుద్ధమైన కాల్షియము హైడ్రాక్సైడునే కొనవలెను. లీటరు శుద్ధజలమునకు గ్రామున్నర పొడి కలిపి, మూతపెట్టి, అడుగున మడ్డి తేరనిచ్చి, పైతేటను మాత్రము తీయవలెను. మూత తీసియుంచినచో గాలిలోని బొగ్గుపులుసు వాయువు సోకి పైన తెల్లని పొర కట్టును. ఆ పొర సున్నపురాయియే, పగడమునకు అక్కఱకు రాదు. ఆవిరియైన నీటికి బదులుగా ఈ తేటను చుక్కచుక్కగా, రాత్రివేళ విడువవలెను. రాత్రి వెలుతురు లేనందున బొగ్గుపులుసు వాయువు నీటిలో హెచ్చి పులుపు ముదురును, సున్నపు తేట దానిని విఱుచును. ఒక్కమాఱుగ గుమ్మరించినచో నీరు పాలవలె తెల్లబడి, ప్రాణులకు ముప్పు వాటిల్లును. ఇది చర్మమును, కన్నులను కాల్చునది గనుక బిడ్డల కందనిచోట నుంచుడు.

క్షారత తగ్గినదని తెలిసినను తొందరపడరాదు. దినమునకు ఒక డిగ్రీకి మించి పెంచకుడు. 8 వద్ద నిలకడగనున్న తొట్టి, నేడు 7, రేపు 11గా ఊగులాడు తొట్టికంటె వేయిరెట్లు మేలు. అట్టి ఒడిదుడుకులకు కొమ్మల కొనలు కాలినట్లు తెల్లబడి, పై కండ ఊడిపోవును.

తక్కినవి క్లుప్తముగ చెప్పెదము. మేత మితముగ వేయుడు. మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియాగను, పిదప నైట్రేటుగను మారును. నైట్రేటు కొలదిగను, ఫాస్ఫేటు లీటరునకు పదవవంతు మిల్లిగ్రామునకు లోపలను ఉండవలెను. అట్లని రెండును శూన్యము కారాదు, పగడపు కండలో కాపురముండు సూక్ష్మమైన నాచునకు అవియే యాహారము. ఉష్ణమానము 25 మొదలు 27 సెంటిగ్రేడు డిగ్రీలవఱకు ఉండవలెను. వేడి హెచ్చినచో ఆ నాచు వెడలిపోయి పగడము పాలిపోవును. 1998 లోను, 2016 లోను, మరల 2023, 2024 సంవత్సరములలోను సముద్రపు దిబ్బలు విస్తారముగ పాలిపోవుటకు కారణము ఈ వేడియే. గాలిలో పెరిగిన బొగ్గుపులుసు వాయువు సముద్రములో కరగి, పగడములు ఇండ్లు కట్టుకొను కార్బనేటును కూడ తగ్గించుచున్నది.

తొట్టిలో నీరు చెడినచో దిద్దుటకు ఇల్లాలు కలదు, పగడమునకు లేచిపోవుటకు కాళ్ళు లేవు. తెచ్చినంతనే దాని ప్రాణము మన పూచీ. పాలపద్దు, చాకలిపద్దు వ్రాసికొను పుస్తకములోనే ఒక వరుస గీచి, తేదీ, వేళ, క్షారత, పోసిన తేట ఎంతయో వ్రాయుడు. నెల తిరుగునప్పటికి తొట్టికి దినమునకు ఎంత ఖర్చో ఆ పద్దే తెలుపును. ఆ పద్దు నడుపుటకు ఓపిక లేనివారు పగడములను తేకుండుటయే ఉత్తమము.