తడిగోడకు దసరా రంగు

బతుకమ్మ రోజులు దగ్గరపడితే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో పెయింటర్ దొరకడమే గగనం. ఆడబిడ్డలు పుట్టింటికొస్తారు, జమ్మి చేతిలో పెట్టడానికి చుట్టాలొస్తారు, అప్పటికి ఇల్లు కళకళలాడాలి. ఆ కోరికలో తప్పేమీ లేదు, తప్పంతా ముహూర్తంలో ఉంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వాన పీల్చిన గోడలో ఏడాది మొత్తంలో ఎక్కువ తడి ఉండేది సరిగ్గా అప్పుడే. చేత్తో తడిమితే పొడిగానే తోస్తుంది. లోపల ఇటుకల్లో, ప్లాస్టరింగులో మాత్రం నీరు ఇంకా ఉంటుంది. దాని మీద ప్లాస్టిక్ ఎమల్షన్ రెండు కోట్లు కొడితే ఆ నీరు బయటికొచ్చే దారి మూసుకుపోతుంది. ఎండ తగిలేకొద్దీ లోపలి తడి ఆవిరై రంగును వెనక నుంచి నెడుతుంది. ముందు బుడగలు, తర్వాత పొరలు, ఆపైన లప్పంతో సహా పెచ్చులు. నింద మాత్రం డబ్బా మీద పేరున్న కంపెనీకో, పెయింటర్‌కో.

ఈ విషయంలో కొండగట్టు అంజన్న భక్తుల క్యాలెండరే నయం. అక్కడ చైత్ర పౌర్ణమికి చిన్న హనుమాన్ జయంతి, వైశాఖ బహుళ దశమికి పెద్ద జయంతి. సంక్రాంతి దాటాక మొదలుపెట్టి చిన్న జయంతిలోపు పని ముగిస్తే గోడ ఆరడానికి నెలల వ్యవధి దొరికినట్టే. అట్లని మే నెల మిట్టమధ్యాహ్నం కాలుతున్న గోడకు వేసినా రంగు నిలవదు, గోడను పట్టుకోకముందే పైపొర ఎండిపోతుంది. పొద్దున్నే, నీడ ఉన్న వైపు చూసి వేయాలి.

గోడ ఆరిందో లేదో తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. అడుగు చదరం ప్లాస్టిక్ కవరును నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు ఆగితే చాలు. గోడవైపు నీటిచుక్కలు పడితే రంగు డబ్బా మూత తీయకూడదు. కొత్త ప్లాస్టరింగుకైతే వారం రోజులు నీళ్లు కొట్టాక కనీసం నాలుగు వారాలు ఆరనివ్వాలి. పచ్చి సిమెంటులోని క్షారం రంగును తినేస్తుంది. గృహప్రవేశం తేదీ ముందే పెట్టుకున్న ఇళ్లలో ఈ నాలుగు వారాలే మొదట ఎగిరిపోతాయి.

అసలు నీరెక్కడిది? గోడ అడుగున రెండు మూడడుగుల ఎత్తు దాకా తెల్లటి చౌడు పూసిందంటే నేల తడి పైకి పాకుతున్నట్టు. దీనికి ఊరూరా ఒక కారణం కనిపిస్తుంది, దాన్ని ఎవరూ రంగు ఖాతాలో రాయరు. అదే సీసీ రోడ్డు. పాతదాన్ని తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తారు. నాలుగు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు దిగి వెళ్లాలి. వాననీరు గోడను ఒరుసుకుని నిలుస్తుంది. పునాది మీద చెమ్మ ఎక్కకుండా వేసిన డీపీసీ పొర రోడ్డు మట్టానికి కిందపడిపోతుంది. 2021 సెప్టెంబర్ వానలకు సిరిసిల్ల పట్టణంలో వీధులే మునిగాయి. అట్లా కిందినుంచి నానిన గోడ నెలకో రెండు నెలలకో ఆరదు. పంచాయతీలు, మున్సిపాలిటీలు పాత రోడ్డును తవ్వాకే కొత్తది వేయాలన్న షరతు టెండరులో పెట్టి, దాన్ని అమలు చేస్తే ఇంటింటికీ ఏటా పడే రంగు ఖర్చులో కొంతైనా తగ్గుతుంది.

లోపలివైపు వాటర్‌ప్రూఫ్ సిమెంటు పూస్తే సరిపోతుందని కొందరు మేస్త్రీలు చెబుతారు. దాంతో తడి ఆగదు, ఆ పూత దాటి ఇంకో రెండడుగులు పైకెక్కుతుంది. బయట మట్టం తగ్గించి, నీరు పోయే కాలువ తీసి, గోడ మొదట్లో వాలుగా బండలు పరిస్తేనే ఫలితం. చౌడును పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్లతో కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

పైనుంచి వచ్చే నీటి సంగతి తేలిక, కానీ చూసేవాళ్లుండాలి. కోరుట్ల, మెట్‌పల్లి వైపు గల్ఫ్ సంపాదనతో కట్టిన మేడలు చాలా వరకు తాళం వేసి ఉంటాయి. స్లాబ్ మీది పైపులో ఆకులు అడ్డుపడితే తీసే దిక్కుండదు. పిట్టగోడ పైభాగం బీటలిస్తే ఆ సందులోంచి నీరు కిందికి దిగుతూనే ఉంటుంది. లక్షలు పోసి ముఖద్వారం పక్కన రాతి పలకలు అతికించేవారు సజ్జ కింద నీరు కారకుండా చిన్న గాడి పెట్టించడం మరచిపోతారు.

పాత ఇళ్ల కథ వేరు. 18వ శతాబ్దంలో కట్టిన జగిత్యాల ఖిల్లాలో ఉన్నది రాయి, సున్నం. సున్నపు పూతలోంచి తడి వస్తూ పోతూ ఉంటుంది, కాబట్టి గోడకు ఉక్కిరిబిక్కిరి లేదు. డంగుసున్నపు పెంకుటిళ్లకు, మట్టిగోడలకు సిమెంటు పూసి ఎమల్షన్ వేయడం డబ్బిచ్చి పెచ్చులు కొనుక్కోవడమే. వాటికి తాతలనాటి సున్నమే తగినది.

పాత రంగు గీకేటప్పుడూ జాగ్రత్త కావాలి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన దేశంలో 2017 నవంబర్ 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు తలుపులకు, గోడలకు వేసిన ఆయిల్ పెయింట్లలో సీసం ఉండొచ్చు. ఆ ధూళి పసిపిల్లల మెదడుకు చేటు. పాత రంగును తడిపి గీకాలి, పొడిగా ఉప్పుకాగితంతో రుద్దకూడదు. పని జరిగే గదిలోకి పిల్లల్ని రానివ్వకూడదు.

పిల్లలంటే బడులు గుర్తుకొస్తాయి. 2022 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన ‘మన ఊరు – మన బడి’లో 12 రకాల పనులుండేవి. మరమ్మతులు ఒకటి, రంగులు మరొకటి. కాగితం మీద పక్కపక్కనే ఉన్నా రంగు పని కళ్లకు కనబడుతుంది, ఫొటోకు పనికొస్తుంది. స్లాబ్ మరమ్మతుకు ఆ అదృష్టం లేదు. ఇకముందు ఏ పేరుతో బడులు బాగుచేసినా మూడు షరతులు పెట్టాలి. స్లాబ్ మీద రెండు రోజులు నీళ్లు నిలిపి, కారడం లేదని హెడ్‌మాస్టర్ సంతకం పెట్టాకే రంగుకు అనుమతివ్వాలి. రంగు పని వేసవి సెలవుల్లోనే జరగాలి. బిల్లులో కొంత భాగాన్ని ఒక వానాకాలం గడిచి, గోడలు చూశాకే చెల్లించాలి.