మీకేంటండీ, కలిగినోళ్లు!

"అమ్మగారండీ, పండగ మామూలండీ!"

విజయదశమినాడు ఈ పిలుపు వినబడగానే మా వీధిలో సగం తలుపులు మూసుకుంటాయి. నేనూ ఓ ఏడు టీవీ గొంతు తగ్గించి, వంటింట్లో ఊపిరి బిగబట్టి నుంచున్నదాన్నే. అందుచేత ఈ వడ్డనలో మొదటి వాటా నాకే.

పక్కింటి వదినగారి బాధ వేరు. మామూలు అడిగినందుకు కాదుట, "మీకేంటండీ, కలిగినోళ్లు" అన్నందుకుట. "ఇంటి అప్పు ఇంకా పదకొండేళ్లు తీర్చాలి. ఏం చూసి అంటారో వదినా!" అని వాపోయింది.

ఏం చూసి అంటారో నేను చెప్పనా? అప్పు కాగితం బీరువాలో ఉంటుంది, డాబా వీధిలోకి కనబడుతుంది. పండక్కి తాడితోట బట్టల కొట్ల నుంచి తెచ్చిన సంచులు రిక్షాలోంచి ఎవరు దింపారు? అబ్బాయి అమెరికాలో కారు కొన్న సంగతి, అంట్లు తోముతున్న మనిషి ఎదుటే కూచుని అరగంట సేపు ఫోన్లో ఎవరు చెప్పారు? ఏడాది పొడుగునా ఉన్నవాళ్లలా కనబడ్డానికి నానా తంటాలూ పడి, ఆ ఒక్క పూట వాళ్లు నమ్మేస్తే మనకి కోపమా?

"జీతం ఇస్తున్నాంగా, మళ్లీ మామూలేమిటి?" అనేది రెండో వాదన. 1965 నాటి బోనస్ చట్టం 20 మంది పనిచేసే చోట జీతంలో కనీసం 8.33 శాతం, అంటే పన్నెండో వంతు, బోనసుగా ఇవ్వమంది. 2024లో దసరా ముందు రైల్వే వాళ్లకి 78 రోజుల బోనసు ప్రకటించారు, మనిషికి 17,951 రూపాయలకి మించకుండా. వదినగారి వారిది రైల్వేయే. "జీతం ఇస్తున్నారుగా" అని ఆయన తిప్పి పంపినట్టు నేను వినలేదు. నాలుగిళ్లలో పాచిపని చేసే మనిషికి ఆ చట్టం వర్తించలేదు. ఆ నాలుగు గుమ్మాలే ఆవిడ కంపెనీ.

మా తాతల నాడు దసరాకి బడిపంతులుగారే పిల్లల చేత గిలకలు పట్టించి, పద్యాలు పాడిస్తూ ఇంటింటికీ వచ్చేవారు. పప్పుబెల్లాలు పిల్లలకీ, కానుక అయ్యవారికీ. ఆయన్ని ఎవరూ తలుపేసి పంపలేదు. సర్కారు జీతాలు వచ్చాక పంతుళ్లు రావడం మానేశారు. ఇంకా వస్తున్నవాళ్లు ఎందుకొస్తున్నారో వేరే చెప్పాలా?

మామూలంటే అరబ్బీ నుంచి వచ్చిన మాట, ఆనవాయితీ అని అర్థం. దానికి లంచమనే అర్థం కూడా మనమే తగిలించాం. ఓ ఆఫీసులో కాగితం కదలడానికి మావారు రెండువేలు కవర్లో పెట్టి, పైగా దణ్ణం కూడా పెట్టి వచ్చారు. "మాకేం ఉందండీ" అని అక్కడ అనలేదు. మన పని ఆపగలిగినవాడికి నవ్వుతూ ఇస్తాం. ఆపలేనివాళ్ల దగ్గర ఆదాయవ్యయాల పట్టిక విప్పుతాం. (సంక్రాంతికి మన జిల్లాల కోడిపందాల బరుల్లో మగవాళ్లు పోసే డబ్బు సంగతి ఎత్తను. ఈ పేజీ దొంగచాటుగా చదివేవాళ్లు నొచ్చుకుంటారు.)

అడిగినవాళ్లందరికీ ఇమ్మనడం లేదు. ముఖమెరగని నాలుగో గుంపు రసీదు పుస్తకంతో చందాకొస్తే నేనూ పొమ్మంటాను. ఏడాదంతా మన చెత్త ఎత్తినవాళ్ల మాట నేను చెప్పేది.

ఈసారి మహాలయ అమావాస్యనాడే మా పనిమనిషికి నెల జీతం అదనంగా చేతిలో పెట్టాను, అడక్కుండానే. ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టుకుని, "అడ్వాన్సాండీ? ఎన్ని నెలలు కోసుకుంటారండీ?" అంది. కాదన్నాను. నమ్మినట్టు లేదు, పై నెల జీతం పూర్తిగా అందేదాకా.

"నువ్వు రేటు పాడుచేస్తున్నావు, మా ఇంట్లో చేసేదీ ఆవిడే" అని వదినగారు గోడ మీంచి కేకలేసింది.

"అన్నయ్యగారికి బోనసు ఎంతొచ్చింది వదినా?" అన్నాను.

అట్లతద్ది దాకా మాటల్లేవు.