క్రిస్మస్ చెట్టుకు కట్టిన గడ్డి గుర్రం

డిసెంబరు మొదటి వారం దాటితే పిఠాపురం ఫ్యాన్సీ షాపుల్లో మంచు కురుస్తుంది. థర్మోకోల్ మంచు. దాని మీద ప్లాస్టిక్ రెయిన్‌డీర్లు, పక్కనే దూది గడ్డం తాతయ్య. ఊళ్లో ఆ మంచును చూసినవాళ్లు లేరు, ఆ జంతువును చూసినవాళ్లు అసలే లేరు. అయినా ఎవరికీ వింతగా తోచదు. అదే క్రిస్మస్ చెట్టు కొమ్మకు ఒక గుర్రం బొమ్మ కట్టి చూడండి, "క్రిస్మస్‌కీ గుర్రానికీ ఏమిటండీ సంబంధం?" అని అడిగేవాళ్లు నలుగురైనా తేలతారు.

సంబంధం మాటకొస్తే రెయిన్‌డీర్‌కి మాత్రం ఏముంది? 1823లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊరి పత్రికలో ఒక పిల్లల గేయం అచ్చయింది. శాంటా బండికి ఎనిమిది రెయిన్‌డీర్లను పూన్చింది ఆ గేయమే. బేత్లెహేము పశువుల పాకలో గుర్రం లేదు, ఒప్పుకోవాల్సిందే. ఆ లెక్కన ఎద్దూ గాడిదా కూడా సువార్తల్లో లేవు. తూర్పు దేశపు జ్ఞానులు ఒంటెలెక్కి వచ్చారని మత్తయి ఎక్కడా రాయలేదు. అవన్నీ తర్వాతి కాలపు చిత్రకారులు, బొమ్మలు చేసేవాళ్లు ముచ్చటపడి చేర్చుకున్నవి. వాక్యం చూపిస్తే తప్ప కుదరదనే పెద్దలకు ప్రకటన గ్రంథం 19వ అధ్యాయంలో తెల్ల గుర్రం ఉండనే ఉంది. పండగ బొమ్మకు అంత సాక్ష్యం అక్కర్లేదు గానీ, అడిగేవాళ్లు అడుగుతారు కాబట్టి దగ్గర పెట్టుకోవడం మంచిది.

తెలుగు పిల్లలకు గుర్రం పరాయిది కాదు. దేవుడి ఊరేగింపులో అశ్వవాహనం కనిపిస్తుంది. కొండపల్లి దశావతారాల వరుసలో చివరికొచ్చే కల్కికి గుర్రం ఉంటుంది. 1949లో మీర్జాపురం రాజా తీసిన 'కీలుగుర్రం' గురించి తాతలు చెబుతూనే ఉంటారు. ఆటోలు రాకముందు కాకినాడ, రాజమండ్రి వీధుల్లో జనాన్ని మోసింది జట్కా గుర్రమే. ఇన్ని గుర్రాలు ఊళ్లో తిరుగుతుంటే, చెట్టు మీదకు మాత్రం ఉత్తర ధ్రువం నుంచి జంతువును పిలిపించుకుంటున్నాం.

స్వీడన్ వాళ్లు ఈ విషయంలో తెలివైనవాళ్లు. దాలార్నా ప్రాంతపు అడవుల్లో కలప కొట్టే కూలీలు చలికాలం రాత్రుళ్లు పొయ్యి దగ్గర కూర్చుని, మిగిలిన చెక్కముక్కలతో ఇంటి దగ్గరున్న పిల్లల కోసం గుర్రాలు చెక్కేవారు. ఆ 'దాలా గుర్రం' 1939 నాటి న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనకు వెళ్లాక దేశానికే గుర్తు అయి కూర్చుంది. ఇవాళ దాని చిన్న రూపాలు క్రిస్మస్ చెట్ల మీద వేలాడతాయి. మొదట్లో దానికి అయిన ఖర్చు? చాకు ఉంటే చాలు, చెక్క ఎలాగూ పారేసేదే.

పిఠాపురం చుట్టుపక్కల పారేసేది ఏమిటన్న ప్రశ్నకు డిసెంబరులో జవాబు వెతుక్కోనక్కర్లేదు. సార్వా కోతలు అయిపోయి ఉంటాయి, లేదా అవుతూ ఉంటాయి. ఎటు చూసినా కొత్త గడ్డే. సంక్రాంతి దగ్గర పడుతుంటే ఇదే గోదావరి సీమలో వరికంకుల కుచ్చులు అల్లి, పిచ్చుకలు తింటాయని గుమ్మానికో గుడి మండపానికో కడతారు. గడ్డి ఎప్పుడు వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో తెలిసిన చేతులు ప్రతి ఊళ్లో ఇంకా ఉన్నాయి. ఆ చేతులు కుచ్చు దగ్గర ఆగిపోనక్కర్లేదు. గుర్రం దాకా రావచ్చు.

చేయడం ఎలాగో కాస్త వివరంగానే చెప్పుకోవాలి, ఎందుకంటే కిటుకంతా చిన్న చిన్న సంగతుల్లోనే ఉంది. కోత మిషన్ తొక్కి వదిలిన గడ్డి దీనికి పనికిరాదు, నలిగిపోయి ఉంటుంది. కొడవలితో కోసిన చేలోంచి మూరెడు పొడవున్న పరకలు ఓ గుప్పెడు ఏరుకోవాలి. పైనున్న ఆకు తొడుగు ఒలిచేస్తే లోపల నున్నటి పసుపు రంగు కాడ బయటపడుతుంది. దాన్ని ఓ అరగంట నీళ్లలో నానబెట్టి తడిగుడ్డలో చుట్టి ఉంచాలి. పొడిగా ఉన్నప్పుడు వంచితే కణుపు దగ్గర పుటుక్కుమంటుంది.

పది పన్నెండు పరకలను కట్టగా పట్టుకుని, ఒక కొసను నాలుగు వేళ్ల మేర కిందికి మడిచి ఎర్ర దారం చుడితే తల వచ్చేస్తుంది. ఆ కింద ఇంకో నాలుగు వేళ్లు వదిలి కట్టను అడ్డంగా వంచితే మెడ ముగిసి వీపు మొదలవుతుంది. రెండో కొసను కిందికి వంచి రెండు పాయలు చేస్తే వెనక కాళ్లు. ఇంకో చిన్న కట్టను మెడ మొదట్లో వీపు మీంచి అటూ ఇటూ మడిచి కడితే ముందు కాళ్లు. గింజలు దులిపిన కంకి తోక. కొబ్బరి పీచు జూలు. ఇక్కడ ఒక చిక్కుంది. తడి మీద ఎంత బిగించి ముడి వేసినా, గడ్డి ఆరేసరికి సన్నబడి మర్నాటికి దారం వదులవుతుంది, కాళ్లు విడిపోతాయి. అందుకే మొదటి రోజు ముడి పూర్తిగా బిగించకుండా, ఆరాక రెండోసారి లాగి కట్టాలి. కుచ్చులు అల్లే ముసలమ్మలను అడిగితే ఈ సంగతి ముందే చెబుతారు. వీడియోలు చూసి మొదలుపెట్టే కుర్రాళ్లకు గుర్రం కూలబడ్డాక గానీ తెలియదు.

మొదటి గుర్రం మేకలా వస్తే దిగులు పడనక్కర్లేదు. స్వీడన్‌లో క్రిస్మస్‌కి చేసేది గడ్డి మేకనే. యేవ్లె పట్టణంలో 1966 నుంచి కూడలిలో ఇంటంత గడ్డి మేకను నిలబెడుతున్నారు. దాన్ని ఎవరో ఒకరు దొంగచాటుగా తగలబెట్టడం కూడా అప్పటి నుంచే ఆనవాయితీ అయిపోయింది. గడ్డి గడ్డే అన్నమాట. ఇంట్లో చెట్టు దగ్గర కొవ్వొత్తి వెలిగించే అలవాటున్నవాళ్లు గుర్రాన్ని దానికి దూరంగా కట్టుకోవాలి.

గడ్డి దొరకనివాళ్లకు శుభలేఖలున్నాయి. ప్రతి ఇంట్లోనూ పెళ్లయిపోయిన శుభలేఖలు బీరువా మీద కట్టగా పడి ఉంటాయి. పైన దేవుడి బొమ్మ ఉంటుంది కాబట్టి పారేయబుద్ధి కాదు, దాచుకుని చేసేదేమీ లేదు. ఆ బొమ్మ ఉన్న భాగాన్ని మర్యాదగా పక్కన పెట్టేస్తే, లోపలి అట్ట మందంగా, అంచులు బంగారు రంగులో, గుర్రం కత్తిరించడానికి సిద్ధంగా ఉంటుంది. టైలరు దగ్గర మిగిలిన జాకెట్టు ముక్కలతో జీను కుట్టొచ్చు. పిఠాపురానికి పదీ పన్నెండు కిలోమీటర్ల దూరంలోనే ఉప్పాడ, కొత్తపల్లి మగ్గాలున్నాయి. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉప్పాడ జామ్దానీ పుట్టే చోటు అది. చీర దింపాక మిగిలే జరీ పోగుముక్కలు ఒక గుప్పెడు దొరికితే వంద గుర్రాలకు జూలు వస్తుంది. కట్టడానికి చెట్టు కూడా అరువు తెచ్చుకోనక్కర్లేదు. తీరం పొడవునా సరుగుడు తోటలున్నాయి, తెలుగు ఇళ్లలో ఏళ్ల తరబడి క్రిస్మస్ చెట్టుగా నిలబడింది సరుగుడు కొమ్మే. దానికి బరువైన గాజు బంతి కడితే కొమ్మ వాలిపోతుంది. గడ్డి గుర్రం కట్టినా కట్టనట్టే ఉంటుంది.

ఇదంతా ముచ్చట కోసమే అయితే ఇంత చెప్పక్కర్లేదు. కానుకల లెక్క ఒకటుంది. డిసెంబరంతా సెమీ క్రిస్మస్‌లే. చర్చిలో ఒకటి, ఆఫీసులో ఒకటి, కాలేజీలో ఒకటి, అపార్టుమెంటులో ఇంకొకటి. చీటీలు తీసి 'క్రిస్మస్ ఫ్రెండ్'ను ఎంచుకుని కానుకలు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి యూత్ మీటింగుల నుంచి సండే స్కూలు దాకా దిగింది. ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని ఒక మొత్తం అనుకుంటారు. అది రాతలోనే మిగులుతుంది. కూలికి వెళ్లే ఇంటి పిల్లకి చీటీలో డాక్టరుగారి అబ్బాయి పేరు వస్తే ఆ ఇంట్లో ఆ వారమంతా ఏం జరుగుతుందో ఎవరూ పట్టించుకోరు. 'ఉత్త చేతులతో ఎలా పంపిస్తాం' అంటూ అమ్మ అప్పు చేసి ఫోటో ఫ్రేము కొంటుంది. ఆ ఫ్రేము అవతలి ఇంట్లో ప్యాకింగు కూడా విప్పకుండా వచ్చే ఏడాది మరొకరికి వెళ్తుంది.

అందుకే ఈ ప్రాంతపు సంఘాల్లో అయ్యగారూ అమ్మగారూ ఒక్క ఏడాదికి ఈ మాట గట్టిగా చెప్పి చూడాలి: కానుక చేత్తో చేసిందే అయి ఉండాలి, కొన్నది తీసుకోం. అందరూ అలాగే తెస్తే ఎవరిది చవకో ఎవరికీ తెలియదు. ఒకరు చేసి నలుగురు కొనుక్కొస్తే మాత్రం చేసిన పిల్లే చిన్నబోతుంది. కాబట్టి ఇది ఎవరిష్టం వాళ్లది అని వదిలేసే సంగతి కాదు. ఇక ఆ థర్మోకోల్ మంచు సంగతి. 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడా బాప్టిస్టు మిషనరీలు పిఠాపురంలో ఆసుపత్రి కూడా నడిపారు. నిజమైన మంచు దేశం నుంచి వచ్చిన వాళ్లే ఇక్కడి ఎండకు అలవాటు పడ్డారు. వాళ్ల తర్వాతి తరాలవాళ్లం మనం థర్మోకోల్‌తో ఇంకా మంచు కురిపించుకోవడం ఏమంత గొప్ప?

అయితే 'చవక' అన్న మాటను గోదావరి జిల్లాల్లో జాగ్రత్తగా వాడాలి. దానికి కారణం నర్సాపురం లేసు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు క్రైస్తవ స్త్రీలకు నేర్పిన కుట్టు అది. తర్వాత కులాలు దాటి డెల్టా పల్లెలన్నిటా పాకింది. ఆ చేతుల్లో తయారైన లేసు విదేశీ ఇళ్ల బల్లల మీద పరుచుకుంది. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ ఈ పల్లెల్లో తిరిగి 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం అచ్చు వేశారు. ఆమె తేల్చింది ఇదీ: రోజుకు గంటల తరబడి కుట్టే ఆడవాళ్లను ఎవరూ కార్మికులుగా లెక్కించలేదు. 'ఇంట్లో కూర్చుని తీరిక వేళల్లో చేసుకునే పని' అన్నారు. ఆ మాట చాటున కూలి అడుగంటింది, లాభం ఎగుమతిదారులకు వెళ్లింది. 2024లో నర్సాపురం లేసుకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు వచ్చింది సరే, ముక్కకు ఇంత అని కట్టే కూలి సంగతి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ తక్కువ.

గడ్డి గుర్రం బాగుందని రేపు నలుగురూ అనుకుంటే జరిగేదీ అదే. డ్వాక్రా సంఘం వాళ్లకు శిక్షణ ఇస్తారు, స్టాలు పెడతారు, గడ్డి ఊరికే దొరుకుతుంది కదా అని ధర ఇరవై రూపాయలు రాస్తారు. కొనేవాళ్లు అదీ బేరమాడతారు. ఎవరి ఇంట్లో వాళ్లు చేసుకుని స్నేహితులకు ఇచ్చుకుంటే దారం ఖర్చుతో పోతుంది, అందులో తప్పేమీ లేదు. అమ్మకానికి పెట్టినప్పుడు మాత్రం లెక్క మారాలి. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ఎనిమిది గంటల పనిదినం అనుకుంటే గంటకు 37 రూపాయల పైచిలుకు. నానబెట్టడం, ఒలవడం, కట్టడం, మర్నాడు మళ్లీ బిగించడం అన్నీ కలిపి అలవాటైన చేతికి కూడా గుర్రానికి గంట పడుతుందనుకుంటే, ఇరవై రూపాయల ధర చెరువు మట్టి తవ్వే కూలికన్నా తక్కువ. దారం, రవాణా, వంకర వచ్చి అమ్ముడుపోని గుర్రాలు కలుపుకుంటే అరవై రూపాయలకు తగ్గితే చేసినామె నష్టపోయినట్టే. ఫ్యాన్సీ షాపులో ప్లాస్టిక్ రెయిన్‌డీర్ అంతకంటే చవగ్గా దొరకొచ్చు. చైనాలోని యివు నగరంలో వాటిని లక్షల్లో పోత పోస్తారు మరి. ఆ ధరతో పోటీకి దిగితే గెలిచేది యివునే. స్టాలు పెట్టే సంఘాలు గుర్రం మెడలో ధర చీటీ కట్టేటప్పుడు, దాని మీద పట్టిన సమయం కూడా రాస్తే బేరమాడే నోరు కొంచెమైనా తడబడుతుంది.