వాసన లేని రీలు

సినిమాకి మాటొచ్చింది, రంగొచ్చింది, స్కోపొచ్చింది. వాసన మాత్రం ఇలా వచ్చి అలా పారిపోయింది! 1960లో అమెరికాలో 'సెంట్ ఆఫ్ మిస్టరీ' చిత్రానికి సీట్ల దాకా గొట్టాలు అమర్చి, సీనుకి తగ్గ వాసనలు వదిలారు. 1981లో 'పాలియెస్టర్' చిత్రానికి గీకి వాసన చూసే కార్డులు పంచారు. రెండూ సరదాగానే మిగిలాయి. తెరమీద వాసన లేకపోతే మనకొచ్చిన లోటేం లేదు.

మరి బతుకులో వాసన పోతే?

మైకేల్ హచిన్స్ పేరు విన్నారా? ఆస్ట్రేలియాలో 'ఇన్ఎక్సెస్' బృందం గాయకుడు. 1986లో 'డాగ్స్ ఇన్ స్పేస్' చిత్రంలో హీరో కూడా. లక్షలమంది అభిమానులు! 1992లో కోపెన్‌హేగెన్ వీధిలో ఓ టాక్సీ డ్రైవరుతో గొడవ జరిగి, కిందపడి పుర్రె చిట్లింది. వాసన దాదాపు పూర్తిగా పోయింది, దాంతో రుచీ పోయింది. నవ్వుతూ తిరిగే మనిషికి కోపం, దిగులు పట్టుకున్నాయని దగ్గరివాళ్ళు చెప్పారు. 1997లో 37 ఏళ్ళకే కన్నుమూశాడు. దానికి వాసన ఒక్కటే కారణం అనకూడదు. మెదడుకీ గాయమైంది, వేరే చిక్కులూ ఉన్నాయి. 2019లో వచ్చిన 'మిస్టిఫై' డాక్యుమెంటరీ ఈ కథంతా చూపించింది.

ముక్కుకీ మనసుకీ ఏమిటీ చుట్టరికం అంటారా? చూపూ, వినికిడీ మెదడులో థాలమస్ అనే జంక్షన్‌లో ఆగి వెళ్తాయి. వాసనకి అక్కడ హాల్టు లేదు. ఎక్స్‌ప్రెస్‌లా నేరుగా భావాలూ, జ్ఞాపకాలూ ఉండే పేటకే పోతుంది. అందుకే తొలి వాన పడ్డ మట్టివాసనకి ఎప్పటి సంగతో చటుక్కున గుర్తొస్తుంది.

ఆ బండి రాకపోతే? గోంగూర పులుపు నాలుక్కి తెలుస్తుంది గానీ పోపు ఘుమఘుమ తెలీదు. ఇంటర్వెల్‌లో మిరపకాయ బజ్జీ మంటే తప్ప బజ్జీ కాదు. గ్యాసు లీకైనా తెలీదని భయం. అమ్మ చీర వాసన కూడా ఉండదు. లోకం అద్దం అవతలికి జరిగిపోయినట్టుంటుంది. 2020 నుంచి కోవిడ్ వచ్చినవాళ్ళలో ఎంతోమంది ఈ బాధ పడ్డారు. కన్ను పోతే అయ్యో అంటాం. ముక్కు పనిచెయ్యటం లేదంటే మాత్రం "జలుబేలే" అని నవ్వేస్తాం. అసలు దెబ్బ అదే!

దారి లేకపోలేదు. 2009లో జర్మనీలో థామస్ హుమ్మెల్ బృందం ఓ సాధన పరీక్షించింది. గులాబి, నీలగిరి, నిమ్మ, లవంగం - ఈ నాలుగు వాసనలూ పొద్దునా సాయంత్రం శ్రద్ధగా పీల్చాలి, 12 వారాలపాటు. అందరికీ తిరిగి రాలేదు గానీ, కొందరికి మెరుగైంది. ముందు చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించాలి. దిగులు వదలకపోతే ఆ మాటా డాక్టరుకి దాచకుండా చెప్పాలి.

మీ జట్టులో ఎవరైనా "ఏం తిన్నా గడ్డి తిన్నట్టుందిరా" అని మూల కూర్చుంటే, జోకులెయ్యకండి. పక్కన కూర్చుని, ఎన్నాళ్ళనుంచని అడగండి. ఈసారి సినిమాకి వాణ్ణీ లాక్కెళ్ళండి. తెరమీద బొమ్మకి ఎలాగూ వాసనుండదు. ఆ మూడు గంటలూ మీరూ వాడూ ఒకటే!