ముందుగా చెప్పిన మాట

లోపాన్ని ఎత్తి చూపినవానికి మన సమాజంలో మంచి పేరు రాదు. చాడీకోరు అంటారు, లేదా అపశకునపు మాట అని నోరు మూయిస్తారు. రాబోయే చేటును నిండుకొలువులో విన్నవించిన విభీషణునికి దక్కినది తిరస్కారమే కదా! విమానయాన రంగం మాత్రం ఈ అలవాటును మానుకొనక తప్పలేదు.

1974 డిసెంబరు 1న అమెరికా రాజధాని వాషింగ్టన్ సమీపంలో టి.డబ్ల్యు.ఎ. సంస్థ విమానం ఒక కొండను ఢీకొని 92 మంది మరణించారు. అంతకు ఆరు వారాల ముందు మరొక సంస్థ విమానం అదే కొండ మీద వెంట్రుకవాసిలో తప్పించుకొన్నది. ఆ వైమానికులు తమ సంస్థకు తెలిపారు. సంస్థ తనవారిని హెచ్చరించింది. పొరుగు సంస్థకు మాత్రం ఆ మాట చేరలేదు.

ఇటువంటి అనుభవాల ఫలితంగానే 1976లో స్వచ్ఛంద నివేదికల వ్యవస్థ ఏర్పడింది. వైమానికుడు, మెకానిక్కు, ఎవరైనా తాము చూసిన ప్రమాదాన్ని రాసి పంపవచ్చు. పేరు తొలగించి సారాంశాన్ని అందరికీ తెలుపుతారు. తెలియక చేసిన పొరపాటును తానుగా తెలిపినవానికి సాధారణంగా దండన ఉండదు. నేరాలకు ఈ రక్షణ వర్తించదు. నివేదికలు స్వీకరించేది దండించే అధికారం గల శాఖ కాదు, నాసా. ఇందులోని వివేకం గమనించదగినది. దండించేవాడే చెవి యొగ్గితే ఎవరు నోరు విప్పుతారు?

మన రాష్ట్రానికి వద్దాం. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టరు నల్లమలలో కూలిపోయింది. ప్రతికూల వాతావరణంలో అది అదుపు తప్పిందని విచారణ సంఘం తేల్చింది. ఆ నివేదికలోనే మరొక సంగతి ఉన్నది. ట్రాన్స్‌మిషన్ చమురు పీడనంలో తలెత్తిన లోపాన్ని గురించి వైమానికులు ఆరు నిమిషాలకు పైగా వెదుకుతూ ఉండిపోయారు. కావలసిన సమాచారం అత్యవసర సూచనల పుస్తకంలో లేదు! ఆ కొరతను ఆకాశంలో కాదు, నేలమీద ఉన్నప్పుడే ఎవరో ఒకరు గుర్తించి చెప్పవలసినది.

విమానాల గోడు మనకెందుకని మీరు అడగవచ్చు. మా అనకాపల్లి పిల్లలలో విమానం నడిపేవారు ఏ ఒకరిద్దరో. అచ్యుతాపురం, పరవాడ కర్మాగారాలకు పనికి వెళ్లేవారు అనేకులు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడుకు 17 మంది బలైనారు. గొట్టం కారుతున్నదనో, వాసన తేడాగా ఉన్నదనో గమనించిన కార్మికుడు ఆ మాటను నిర్భయంగా చెప్పుకొనే చోటు ప్రతి కర్మాగారానికీ ఒకటి ఉండాలి. అక్కడ కూర్చుని వినేవాడు ఆ యజమాని వద్ద జీతం తీసుకొనేవాడు కారాదు.