చెరువుకు పట్టిన పచ్చ - నిదాన పరివర్జనమే చికిత్స

జ్వరంతో వచ్చిన రోగికి వేడి దిగే మాత్ర ఒకటి ఇచ్చి, ఆ జ్వరం దేనివల్ల పుట్టినదో విచారించక పంపివేసే వానిని మనం మంచి వైద్యుడని అనము. మరి ఊరి మంచినీటి చెరువు పచ్చబడినప్పుడు మైలుతుత్తం బస్తా తెప్పించి నీటిలో కలిపించి, నాలుగు రోజులు నీరు తేటగా కనబడగానే పని తీరినదని తలచే గ్రామ పెద్దలను ఏమనవలె? కొన్ని వారాలకే నాచు మళ్ళీ తలయెత్తుతుంది, మళ్ళీ బస్తా వస్తుంది. ఈ విధంగా ఏటేటా సాగుతున్న పనిని చికిత్స అనుటకు నా మనస్సు అంగీకరించదు. నాచు వ్యాధి కాదు, వ్యాధి లక్షణం మాత్రమే. ఈ భేదాన్ని గుర్తించనంతకాలం మన చెరువులు బాగుపడవు.

నాచు ఎందుకు పెరుగుతుంది? ఎండ, నిలకడ నీరు, ఆహారం అనే మూడూ కలిసినప్పుడు పెరుగుతుంది. ఎండను మనం ఆపలేము. చెరువు అన్న తరువాత నీరు నిలిచే ఉంటుంది. మన చేతిలో ఉన్నది ఆహారం ఒక్కటే. ఆ ఆహారంలో ముఖ్యమైనది భాస్వరం. 1973లో కెనడా దేశంలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రజ్ఞుని బృందం ఒక చిన్న సరస్సును తెరతో రెండు భాగాలుగా చేసింది. ఒక భాగంలో కర్బన, నత్రజని పదార్థాలను, రెండవ భాగంలో వాటితోపాటు భాస్వరాన్ని కలిపింది. భాస్వరం కలిసిన సగం పచ్చగా నాచు పట్టిపోయినది, రెండవ సగం తేటగానే ఉండిపోయినది. మన ఊళ్ళలో ఆ భాస్వరం ఎక్కడినుండి వస్తున్నది? పశువుల పేడ, మురుగుకాలువ, పొలం నుండి కొట్టుకువచ్చిన ఎరువు, గట్టుమీద ఉతికే బట్టల సబ్బునీరు, ఇవన్నీ చెరువుకు మనం పెడుతున్న అతిభోజనమే. అతిభోజనం చేసినవానికి అజీర్ణం తప్పనట్లు చెరువుకు నాచు తప్పదు.

అట్లని నాచును పూర్తిగా నిర్మూలించవలెనని నేను చెప్పుట లేదు. సుశ్రుతాచార్యులు సూత్రస్థానంలో జలాన్ని గురించి చెప్పిన భాగాన్ని పాఠకులు శ్రద్ధగా గమనించవలె. బురద, నాచు, ఆకులు కప్పివేయగా ఎండ, గాలి సోకని నీటిని ఆయన దుష్టజలమన్నారు. అదే ప్రకరణంలో నీటిని తేర్చే ద్రవ్యాలను చెబుతూ చిల్లగింజ, తామరదుంప మొదలైన వాటితోపాటు శైవాలమూలాన్ని, అనగా నాచు వేరును కూడా చేర్చారు. గురుకులంలో ఈ పాఠం చదివేటప్పుడు ఇది పరస్పర విరుద్ధం కదా అని విద్యార్థులకు సందేహం కలగడం సహజం. విరోధం లేదు. మితంగా ఉన్నది మేలు చేస్తుంది, మితిమీరినది హాని చేస్తుంది. కొద్దిపాటి నాచు పగటివేళ నీటికి ప్రాణవాయువునిస్తుంది, చేపపిల్లలకు మేత అవుతుంది. అదే దట్టంగా పెరిగినప్పుడు రాత్రివేళ తానే ప్రాణవాయువును పీల్చివేస్తుంది. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరిచి ఆయాసపడటానికి కారణం ఇదే.

ఇక తుత్తం సంగతి. రసశాస్త్రంలో తుత్థాన్ని శోధన చేయనిదే ఔషధానికి వాడరు. శుద్ధి చేసిన పిదప కూడా మాత్ర తప్పితే విషమే. అటువంటి ద్రవ్యాన్ని కొలత లేక బస్తాలతో తాగునీటిలో కుమ్మరించుట ఏ శాస్త్రం? తుత్తం నాచుతోపాటు, నాచును తినే సూక్ష్మజీవులను కూడా చంపుతుంది. చచ్చిన నాచు అడుగున కుళ్ళి, ఉన్న ప్రాణవాయువును హరిస్తుంది, తనలోని భాస్వరాన్ని తిరిగి నీటికే ఇస్తుంది. రాగి మాత్రం అడుగు బురదలో పేరుకుంటుంది. అంతకంటె పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని జాతులు తమలో విషాన్ని దాచుకొని ఉంటాయి. తుత్తం పడగానే ఆ కణాలు పగిలి విషం ఒక్కసారిగా నీటిలో కలుస్తుంది. 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ఐలాండ్‌లో తాగునీటి జలాశయానికి పట్టిన నాచును చంపుటకు తుత్తం వేశారు. కొద్ది రోజులకే 148 మంది, వారిలో అత్యధికులు పిల్లలు, కాలేయం వాచి, వాంతులతో మంచం పట్టారు.

“నీరు కాచుకొని తాగితే సరిపోదా?” అని కొందరు అడుగవచ్చును. కాచుట వలన క్రిములు చస్తాయి గాని, ఈ నాచు విషం పోదు. కావున ప్రతి గృహస్థుడూ ఒక చిన్న పరీక్ష నేర్చుకొనవలె. ఒక కర్రను నాచులో ముంచి పైకెత్తండి. దారపు పోగులవలె కర్రకు వేలాడితే అది సామాన్యమైన నాచు. పోగులు లేక, రంగు డబ్బాలో ముంచినట్లు కర్రకు పచ్చగా పూసుకుంటే అది నీలి ఆకుపచ్చ నాచు అని అనుమానించి, ఆ నీటిని తాగుటకు, వంటకు, పశువులకు వాడక, అధికారులచేత పరీక్ష చేయించండి. చిల్లగింజ అరగదీసి కలిపితే బురదనీరు తేరుకుంటుంది, సత్యమే. కాని అది ఈ విషానికి విరుగుడు కాదు.

మరి చేయవలసినదేమి? మొదటిది నిదాన పరివర్జనం. మురుగుకాలువను చెరువునుండి మళ్ళించాలి. పశువులకు, ఉతుకుడుకు వేరే నీటి వసతి చూపాలి. వెనుకటి పెద్దలు మంచినీటి చెరువును వేరుగా ఉంచి, అందులో కాలు పెట్టనివ్వకపోవుటలోని అంతరార్థం ఇదే. రెండవది శోధనం. తేలే నాచును వలతో లాగి దూరంగా పొలానికి చేర్చాలి. గట్టుమీద వదిలితే మొదటి వానకే తిరిగి చెరువులో పడుతుంది. వేసవిలో నీరు తగ్గినప్పుడు పూడిక తీయాలి. ఏళ్ళ తరబడి పేరుకున్న బురద శరీరంలోని లీనదోషం వంటిది. పైనుండి వచ్చే మురుగును ఆపినా, అది లోపలినుండి భాస్వరాన్ని విడుస్తూనే ఉంటుంది. ఆ బురదే పొలానికి చక్కని ఎరువు. తెలంగాణలో 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో పూడికమట్టిని రైతులు పొలాలకు తోలుకొనుట ఈ పాత పద్ధతియే. మూడవది పథ్యం. గట్టు చుట్టూ గడ్డి పెంచితే వాననీటితో వచ్చే మట్టి, ఎరువు అక్కడే ఆగుతాయి. కలువ, తామర కొద్ది భాగంలో ఉంటే నీటికి నీడ దొరుకుతుంది. అవి చెరువంతా అల్లుకొనకుండా చూడాలి.

నన్ను మిక్కిలి బాధించే విషయం ఒకటి చెప్పక తప్పదు. కొన్ని గ్రామాలలో మంచినీటి చెరువునే చేపల పెంపకానికి వేలం వేస్తున్నారు. పాడుకున్నవారు చేపలు త్వరగా ఎదగాలని పేడ, కోళ్ళ ఎరువు, తవుడు వేస్తారు. నీరు పచ్చబడుటయే వారికి కావలసినది. ఆ నీరే ఊరివారి గొంతులో దిగుతున్నది. వేలం సొమ్ము ఒక చేతితో తీసుకొని, రెండవ చేతితో తుత్తం కొనే పంచాయతీ ఏమి లాభపడినది? కలవారు డబ్బా నీళ్ళు కొనుక్కుంటారు. కొనలేనివారి పిల్లలు, నోరులేని పశువులు ఏమి కావాలి?

ఇదంతా శ్రమ, తుత్తం చవక అని అనేవారున్నారు. ఏటేటా కొనే చవక మందు చివరకు ఖరీదే అవుతుంది. ఒక్క ఏడాదిలో ఫలితం కనబడకపోవచ్చు, దీర్ఘరోగానికి దీర్ఘచికిత్సే తగినది. చరకాచార్యులు దేశాన్ని నాశనం చేసే దుష్టజలానికి లక్షణాలు చెబుతూ, రంగు, వాసన, రుచి మారుటతోపాటు నీటిపక్షులు విడిచిపోవుటను కూడా పేర్కొన్నారు. మీ ఊరి చెరువు గట్టున నిలబడి ఒకసారి చూడండి. కొంగ వాలుతున్నదా? వాలకపోతే, వచ్చే గ్రామసభలో తుత్తం బస్తా మాట కాక, మురుగుకాలువ మాట ఎత్తండి.